రాసుకోని శబ్దం

నేను కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోను. చిన్నప్పుడు నా వీపుకీ కుర్చీకీ మధ్య బెత్తెడు జాగా ఉందో లేదో నాన్నగారు చెయ్యి పెట్టి చూసేవారు. ఊళ్లు పోయి, మేడ పోయాక మా వంశానికి మిగిలిన ఆస్తి ఆ బెత్తెడు జాగాయే. సినిమా స్టూడియోల్లో కీబోర్డు వాయించిన ఏళ్లన్నీ దాన్ని కాపాడుకుంటూనే వచ్చాను. వెనక వరసలో వయొలిన్ల వాళ్లు, "జమీందారుగారికి కుర్చీ దండగ, స్టూలు వేస్తే చాలు" అని నవ్వుకునేవారు. నాకు వినబడాలనే అనేవారు. వినబడనట్టు ఉండటం మాకు అక్షరాభ్యాసం కంటే ముందే నేర్పారు.

మాది గోదావరి వైపు ఒక చిన్న జమీ. తాతగారికి సొంత బ్యాండు మేళం ఉండేదట. ఇత్తడి బాకాలు, క్లారినెట్లు, ఇద్దరు మోస్తే గాని కదలని డోలు. పండగలకు కీర్తనలు, తెల్లదొరలు విడిది చేస్తే ఇంగ్లీషు కవాతు పాటలు, పీర్ల పండక్కి దరువులు, అన్నీ ఆ మేళమే వాయించేదట. ఏ సంగీతం ఎవరిదన్న పట్టింపు నాకు లేకపోవడం అక్కడి నుంచి వచ్చిందే అయి ఉండాలి. నేను పుట్టేసరికి మేళం లేదు. కాలితో తొక్కే హార్మోనియం ఒకటి మిగిలింది. నా వేళ్లు దాని మీదే తిరిగాయి.

తాతగారు సంతకం తప్ప మరేమీ రాసేవారు కాదు. రాయడం గుమాస్తాల పని. వాళ్లు రాసినదాని కింద ఆయన సంతకం పెట్టేవారు. ఊళ్లు పోయింది ఆ సంతకాల వల్లే. అది కళ్లారా చూసి కూడా నాన్నగారు కాగితాన్ని గౌరవించడం నేర్చుకోలేదు, నాకు నేర్పలేదు.

ఎనభైల మధ్యలో సినిమా పని కొద్దికొద్దిగా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలుతున్నప్పుడు నేనూ నా సింథసైజరును రైలెక్కించుకుని వచ్చాను. షేక్‌పేటలో ఒక ఇంటి వెనక భాగంలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం, నేనూ నా భార్యా. వాకిట్లో నిలబడితే ఫిల్మ్‌నగర్ గుట్ట కనబడేది. జూబ్లీహిల్స్‌లో అప్పటికి ఇళ్లకంటే బండలే ఎక్కువ. ఆ బండల మీద మేడలు కట్టడానికి రోజూ మందు పెట్టి పేల్చేవారు. ముందు ఒక మనిషి ఎర్రగుడ్డ ఊపుతూ ఈల వేసేవాడు. ఈల వినగానే స్టూడియోలో రికార్డింగు ఆపేవాళ్లం. నేను పనిచేసే సంగీత దర్శకుడు పెద్దవాడు, మద్రాసులో చాలా చూసి వచ్చినవాడు. "ఎవరిదో మేడ లేస్తోంది, కాసేపు ఆగండి నాయనా" అనేవాడు. పేలుడు అయ్యాక, కిటికీ అద్దాలు అదరడం మానేశాక, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

నా సంచిలో ఎప్పుడూ ఒక చిన్న కేసెట్ రికార్డరు ఉండేది. టోలిచౌకి హోటల్లో వినబడే కవ్వాలీ, షేక్‌పేట పెళ్లిళ్లలో మర్ఫా దరువు, ఎర్రగడ్డ సంతలో ఉల్లిపాయల వాడి కేక, గుట్ట మీద ఆడవాళ్లు రాళ్లు కొట్టే సుత్తి చప్పుడు, షార్ట్‌వేవ్ రేడియోలో రెండు స్టేషన్ల మధ్య వచ్చే గురగుర, అన్నీ పట్టుకొచ్చి ఇంట్లో సింథసైజరు మీద వాటి పోలికలు వెతికేవాణ్ణి. సుత్తి చప్పుడుకు మర్ఫా నడక ఇచ్చి, దాని మీద మా ఊరి క్లారినెట్టు ఇలా ఉండేదేమో అనుకున్న స్వరాన్ని నడిపితే నాకు తృప్తిగా ఉండేది. సంప్రదాయం తెలిసినవాళ్లు దాన్ని గోల అన్నారు. కుర్రకారు ఇందులో పాట ఎక్కడ అన్నారు. నేను ఇద్దరినీ లెక్కచెయ్యలేదు.

ఆ సింథసైజరు పాతరకం. తర్వాత వచ్చిన వాటిలా శబ్దాన్ని గుర్తుపెట్టుకునే శక్తి దానికి లేదు. దాని నుదుటి మీద గుండ్రటి మీటలు మూడు వరసలుగా ఉండేవి. ఏది ఎంత తిప్పితే ఏం పలుకుతుందో వాయించేవాడే చూసుకోవాలి. గోరంత తేడా వస్తే వేణువు కాస్తా కుక్క ఏడుపయ్యేది. అందుకే అలాంటి మిషన్ వాయించేవాళ్లు మంచి శబ్దం దొరకగానే మీటల బొమ్మ కాగితం మీద వేసుకుని, ఏది ఎక్కడ ఉందో గీతలు పెట్టుకుంటారు. నేను ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. పైగా రికార్డింగు ముగియగానే, లేచేముందు, మీటలన్నీ ఒక్కొక్కటిగా సున్నాకు తిప్పేసేవాణ్ణి, మరొకరు చూసి నేర్చుకోకుండా. అందరూ వాయిద్యాలు సర్దుకుని టీకి వెళ్లేవాళ్లు. నేను మాత్రం దుకాణం మూసేవాడిలా ఆ మీటల దగ్గర నిలబడేవాణ్ణి.

రెండో కీబోర్డు వాయించేవాడు ఎర్రగడ్డ మనిషి. నాకంటే నాలుగేళ్లు చిన్న. చర్చిలో హార్మోనియం వాయిస్తూ పైకి వచ్చినవాడు. సైకిల్ మీద చెమటతో వచ్చి, నా పక్కన కూర్చుని, నా చేతులు చూస్తూ ఉండేవాడు. ఒకరోజు నేను మీటలు తిప్పేస్తుంటే అన్నాడు:

"సార్, జర రాసి పెట్టుకోరాదుండ్రి. రేపు మళ్ల గిదే అడిగితే ఏం జేస్తరు?"

"నేను గుమాస్తాను కాను."

"గుమాస్తా అయితే ఏమాయె సార్. రీడింగు రాసుకపోయెటోడు రాకుంటె మీకు కరెంటు బిల్లు గూడ రాదు."

వయొలిన్ల వాళ్లు పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ పాట రికార్డింగు ఒక మే నెల మధ్యాహ్నం జరిగింది. స్టూడియోలో ఏసీ ఆగిపోయింది. గుట్ట మీద ఏవో పెద్ద మిషన్లు నడుస్తున్నట్టున్నాయి, ఓల్టేజి పడుతూ లేస్తూ ఉంది. సంగీత దర్శకుడు, మా పెద్దాయన, తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని నా దగ్గరికి వచ్చి, "ఈ చరణం ముందు వీణ వద్దు, వేణువు వద్దు. ఏడుపు తెలియాలి గాని ఏడవకూడదు. ఏదైనా చూడు" అన్నాడు. నేను మీటలు తిప్పడం మొదలుపెట్టాను. పావుగంట ఏమీ లేదు. మిషన్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఇక లేద్దామనుకుంటుండగా ఒక శబ్దం వచ్చింది. బండ లోపల ఎవరో పాడుతున్నట్టు, ఆ పాడే మనిషికి తను పాడుతున్నట్టు తెలియనట్టు ఉంది. స్వరం నిలకడగా లేదు, కొద్దిగా జారుతోంది. ఆ జారడంలోనే ఉంది అంతా. అక్కడున్న ముప్పై మందిలో ఒక్కరూ దగ్గలేదు.

పెద్దాయన, "నువ్వు చేసిందేనా ఇది?" అన్నాడు.

"నేను చేసిందే" అన్నాను.

అప్పటికే నాకు తెలుసు, అది ఎలా వచ్చిందో నాకు తెలియదని. అయినా రికార్డింగు అవగానే, పక్కన ఎర్రగడ్డ మనిషి కళ్లప్పగించి చూస్తుండగానే, మీటలన్నీ సున్నాకు తిప్పేశాను.

పాట ఊరంతా పాకింది. హోటళ్లలో, ఆటోల్లో, వినాయకుడి పందిళ్లలో అదే. జనం పల్లవి పాడేవారు కాదు, ఆ శబ్దాన్ని ముక్కుతో పలికేవారు. షేక్‌పేటలో కూరగాయల ఆవిడ కూడా దాన్ని మూలుగుతూ తూకం వేసేది. సినిమా పేర్లలో మాత్రం వాయించినవాళ్ల పేర్లు వేసే ఆచారం లేదు. నా భార్య సినిమాకు వెళ్లి, పేర్లన్నీ అయ్యేవరకూ చూసి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది.

అప్పుడు ఒక నిర్మాత కబురు పెట్టాడు. కృష్ణా జిల్లా మనిషి, పొగాకు వ్యాపారం చేసి ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు కట్టినవాడు. సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చునేవాడు గాని మాట మర్యాద తెలుసు.

"బాబుగారూ, ఆ శబ్దం మీదేనని పెద్దాయన చెప్పారండీ. నా సినిమాకి మీరే సంగీతం. మీ పేరు ఇంటిపేరుతో సహా తెరమీద ఒంటరిగా పడుద్ది. నాకు కావాల్సిందల్లా ఒకటేనండీ. ఆ శబ్దం సినిమా అంతా నడవాలి. పదిరోజుల్లో కూర్చుందాం. డిస్ట్రిబ్యూటర్లు, డైరెక్టరు అంతా వస్తారు. ముందది వినిపించండి చాలు."

మా ఇంటిపేరు చివరిసారి పెద్దక్షరాల్లో అచ్చయింది వేలం ప్రకటనలో. ఇప్పుడు అది తెరమీద, చీకట్లో, వెయ్యిమంది తలెత్తి చూసేంత ఎత్తున పడుతుంది. నాన్నగారు అప్పటికి బతికే ఉన్నారు. రాజమండ్రిలో మా అక్కగారింట్లో ఒక మూలగదిలో ఉండేవారు. సినిమాలంటే ఆయనకు అసహ్యం. ఈ సంగతి నా భార్య చేత ఉత్తరం రాయిస్తే, ఏ ఊళ్లో ముందు ఆడుతుందని తిరిగి ఉత్తరం రాయించారు.

ఆ పది రోజులూ నేను గదిలోంచి బయటికి రాలేదు. మీటలు తిప్పాను. వేణువులు వచ్చాయి, పిల్లులు వచ్చాయి, ఆవిరి ఇంజన్లు వచ్చాయి. ఆ శబ్దం దాపుకు కూడా రాలేదు. ఒకసారి దగ్గరికి వచ్చినట్టు అనిపించి, ఇంకొంచెం తిప్పేసరికి అదీ పోయింది. ముందువైపు ఉండే ఇంటావిడ కిటికీ దగ్గర నిలబడి, "ఏంది సార్, పొద్దుగాల సంది గీ లొల్లి. మా బర్రె బెదిరి పాలిస్తలేదు. జర మెల్లగ వాయించుండ్రి" అంది.

ఆరో రోజు అన్నం వడ్డిస్తూ నా భార్య అంది: "ఎర్రగడ్డ ఆయన ఆ రోజు మీ పక్కనే ఉన్నారు కదండీ. పిలవకూడదా?"

"నా శబ్దం నాకు ఇంకొకరు నేర్పాలా?"

"నేర్పితే ఏం పోతుంది?"

ఏం పోతుందో ఆవిడకు తెలుసు. తెలిసే అడిగింది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. "వదినమ్మ కబురు పెట్టింది సార్" అని జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.

"ఆ దినం మీరు తిప్పెయ్యక ముందుగాల చూసిన సార్. ఇంటికి పోంగనే బొమ్మ ఏసుకున్న. కాపీ కొడదామని గాదు. పోతదేమోనని."

నేను చెయ్యి చాచలేదు. "నా మీద కాపలా కాస్తున్నావా?" అన్నాను.

"గట్లెందుకంటరు సార్? పక్కపక్కన కూసుంటం. కండ్లు ఏడ బెట్టుకోమంటరు?"

అతను కాగితం టీగ్లాసు కింద పెట్టి లేవబోయాడు. నేనే దాన్ని తీసి, మడత కూడా విప్పకుండా అతని జేబులో పెట్టి, గేటు దాకా నడిచాను. అతను గేటు పట్టుకుని, "రెండు నిమిషాలు సార్, ఒక్క మీటలే గాదు, ఆ దినం..." అంటున్నాడు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఒక మనిషి మాట్లాడుతుండగా మధ్యలో తిరిగి రావడం మా ఇంట్లో తప్పు. జీవితంలో ఒక్కసారి ఆ తప్పు చేశాను, అదీ తప్పుడు రోజున.

నా భార్య వచ్చి టీగ్లాసు తీసింది. దాని కింద ఉన్నప్పుడు ఆ కాగితం మీదికి తన చెయ్యి పోయి కూడా ఆగిపోయిందని తర్వాత చాలా ఏళ్లకు చెప్పింది.

ఫిల్మ్‌నగర్‌లో నిర్మాత ఇంట్లో కూర్చున్నాం. జీడిపప్పు, చల్లటి డ్రింకులు, పరుపుల మీద తెల్ల దుప్పట్లు. డిస్ట్రిబ్యూటర్లు నలుగురు, డైరెక్టరు, పెద్దాయన కూడా నన్ను దీవించడానికి వచ్చాడు. నేను తెచ్చిన మూడు బాణీలు వాయించాను. మంచి బాణీలే. మర్ఫా నడక మీద ఒకటి, రాళ్ల చప్పుడు మీద ఒకటి. వాళ్లు తలలూపుతూ జీడిపప్పు తిన్నారు. రైలు వచ్చేవరకు ప్లాట్‌ఫాం మీద కూర్చున్నవాళ్లలా ఉన్నారు.

నిర్మాత, "బాగున్నాయండీ బాబుగారూ. మరి అదీ..." అన్నాడు.

నేను వేళ్లు మిషన్ మీద నుంచి తీసేశాను. "అది వాయించను" అన్నాను.

"అదేంటండీ? అంతా దానికోసమే కదండీ వచ్చింది."

"ఒకసారి చేసింది మళ్లీ చేసే అలవాటు నాకు లేదు. అతిథికి తిన్న ఆకులో మళ్లీ వడ్డించే ఇల్లు కాదు మాది."

ఆ మాట నేను ఆలోచించుకుని వెళ్లలేదు. నోటికి వచ్చింది. వచ్చాక ఎంత బాగుందో నాకే తెలిసింది. "వాయించలేను" అనడానికి ఆ గదిలో నాకు చోటు దొరకలేదు. "వాయించను" అనడానికి మా వంశం మొత్తం వచ్చి వెనక నిలబడింది.

ఒక డిస్ట్రిబ్యూటరు పక్కవాడితో, "ఆళ్ల లెక్కే వేరులే" అన్నాడు గౌరవంగా. పెద్దాయన లేచి వచ్చి నా భుజం తట్టి, "కళాకారుడంటే నువ్వు" అన్నాడు. నిర్మాత నన్ను కారులో ఇంటికి పంపాడు. సినిమా మాత్రం ఇవ్వలేదు.

నాన్నగారికి, ఆ సినిమా నాకు నచ్చలేదని ఉత్తరం రాయించాను. సరిగ్గా చేశావని జవాబు వచ్చింది. ఆరు నెలలకు ఆయన పోయారు.

నిర్మాత ఇంట్లో కూర్చున్నాక నెల తిరక్కుండానే ఎర్రగడ్డ మనిషి గేటు దగ్గర కనిపించాడు. లోపలికి రాలేదు. "నిర్మాత నన్ను పిలిచిండు సార్. ఆ శబ్దం వాయించి వినిపించిన. నన్నే జెయ్యమంటుండు. మీరొద్దంటె పోను" అన్నాడు.

"నన్నడగడం దేనికి? నా వాకిట్లో నిలబడినవాళ్లకు లేదనడం నాకు అలవాటు లేదు."

అతను కాసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ సినిమా వంద రోజులు ఆడింది. సంగీతం అని ఒంటరిగా అతని పేరు పడింది.

తొంభైల్లో శబ్దాలను గుర్తుపెట్టుకునే మిషన్లు వచ్చాయి. ఒక మీట నొక్కితే వెయ్యి శబ్దాలు. నాలాంటివాళ్ల అవసరం తగ్గింది. టీవీ సీరియళ్లకు, భక్తి కేసెట్లకు, ప్రకటనలకు వాయించాను. పురుగుమందు ప్రకటనలో పురుగు చచ్చే శబ్దం నాదే. నా చేతి శబ్దాల్లో ఊరంతా విన్నవి ఆ రెండే, ఆ పాటా, ఈ పురుగూ. కానీ ఎక్కడికి వెళ్లినా నాకు ఒక గౌరవం ఉండేది. రికార్డింగులో కొత్తవాళ్లకు నన్ను చూపించి, "సినిమానే కాలదన్నుకున్న మనిషి, తన శబ్దం తనే రెండోసారి వాయించలేదు" అని చెప్పేవారు. నేను కాదనలేదు. కుర్చీ తెచ్చి వేస్తే కూర్చున్నాను.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఎర్రగడ్డ మనిషికి ఫిల్మ్‌నగర్‌లో సన్మానం చేశారు. స్వయంగా కారులో వచ్చి పిలిచాడు కాబట్టి వెళ్లాను. ముందు వరసలో కూర్చోబెట్టాడు. మైకు ముందుకు వచ్చి తన గురించి రెండు ముక్కలు చెప్పి, మిగతాదంతా నా గురించే చెప్పాడు. మా గురువులాంటి సార్ ఒకసారి వడ్డించింది మళ్లీ వడ్డించరని, అంత పట్టుదల తనకు లేక తను ఆ శబ్దం మళ్లీ వాయించి ఇంతవాణ్ణయ్యానని అన్నాడు. హాలంతా నావైపు తిరిగి చప్పట్లు కొట్టింది. నేను లేచి నమస్కారం పెట్టాను.

భోజనాల దగ్గర జనం పలచబడ్డాక అతన్ని అడిగాను. "ఆ ఆదివారం గేటు దగ్గర ఏదో చెప్పబోయావు. మీటలే కాదు అన్నావు."

"గది ఇప్పుడెందుకు సార్."

"చెప్పు."

"ఆ దినం ఏసీ బందున్నది, మిషిన్ గరమైంది, ఓల్టేజి తక్కువుండె. కాగితం కింద గదే రాసిన. మీటలు గట్లనే పెట్టినా సల్ల మిషిన్ల ఆ జారుడు రాదు సార్. నేను నిర్మాత ఇంట్ల వాయించే ముందుగాల గసొంటి మిషినే కిరాయికి దెచ్చి, దాని మీద రగ్గు కప్పి రెండు గంటలు ఉంచిన."

ఆ పది రోజులూ నా గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. మిషన్ పాడవకుండా దాని మీదికే తిప్పి పెట్టాను.

"అంటే నేను వాయించలేనని నీకు అప్పుడే తెలుసు."

"ఎరికే సార్."

"మరి మైకులో అలా ఎందుకు చెప్పావు? ఇన్నేళ్లుగా అందరికీ అదే ఎందుకు చెబుతున్నావు?"

అతను చేతిలో ప్లేటు కింద పెట్టాడు. మాట కోసం వెతుక్కున్నాడు. మంచివాడు, అందుకే అబద్ధం దొరకలేదు.

"ఏం జెప్పమంటరు సార్? మీకు గదొక్కటే ఉన్నది గదా" అన్నాడు.

ఎవరిచ్చినా పుచ్చుకోకూడదని పెంచారు నన్ను. నిర్మాత ఇచ్చిన జీడిపప్పు కూడా ముట్టలేదు. అలాంటిది, ఎర్రగడ్డ నుంచి సైకిల్ మీద వచ్చిన మనిషి పెట్టిన తిండి పదేళ్లుగా తింటున్నానని అప్పుడు తెలిసింది. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

ఆ వారమే ఒక పత్రికాయన ఇంటికి వచ్చాడు. సన్మానంలో విన్న కథ నా నోట వినాలన్నాడు. నిజం చెప్పే అవకాశం మళ్లీ అంత సుళువుగా రాదని నాకు తెలుసు. నా భార్య లోపల గదిలో గిన్నెలు సర్దుతోంది. ఆ చప్పుడు ఆగింది.

"ఆ రోజు నిజంగా వాయించనన్నారా సార్?" అన్నాడు.

"వాయించనన్నాను" అన్నాను.

నా భార్య కాఫీ తెచ్చి ఆయన ముందు ఒక్క గ్లాసు పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.